వెయ్యిన్నొక్క చిల్లుల మొక్క

ఆకుని ఎండకి ఎత్తి చూపించేది అమ్మ.
సూదితో పొడిచినట్టు చుక్కలు చుక్కలుగా వెలుతురు.
"వెయ్యిన్నొక్క చిల్లులు" అనేది.
ఒకసారి కూర్చుని లెక్కపెట్టాను.
ముప్పై ఏడు దగ్గర మేక వచ్చి తినేసింది.

కాజ్ కొండ కింద మా ఊళ్ళో దాని పేరే అది.
సంతలో మాత్రం కంతరోన్ అంటారు.
ఒళ్ళంతా తూట్లు పడ్డ మొక్క
ఇంకొకరి గాయం పూడుస్తుందని
మొదట ఎవరు నమ్మారో!

జూన్‌లో కోస్తాం, మంచు ఆరాక, ఎండ ముదరకముందు.
మొగ్గని గోటితో నలిపితే
పసుపు పువ్వులోంచి ఎర్రటి మరక.
ఆ నెలంతా మా ఊరి పిల్లల వేళ్ళు
దొంగతనం చేసి దొరికిపోయినట్టుంటాయి.

సీసాలో పువ్వులు, మునిగేదాకా ఆలివ్ నూనె,
దక్షిణపు కిటికీలో నలభై రోజులు.
మొదటి వారం ఏమీ జరగదు.
రెండో వారం టీ రంగు.
ఆ తర్వాత ఒక పొద్దున లేచి చూస్తే
కిటికీలో దానిమ్మ పగిలినట్టు.

నా తొమ్మిదో ఏట సమోవార్ చేతిమీదికి ఒరిగింది.
అమ్మ సీసా దింపలేదు.
మోచేతిదాకా పంపు కింద పెట్టి
నేను ఏడ్చినంతసేపూ,
ఏడుపాగాక ఇంకాసేపూ పట్టుకుంది.
"ముందు నీళ్ళు. మంట దిగాక, రేపు, నూనె.
అది రాసుకుని ఎండలోకి వెళ్ళావో, చర్మం మాడుతుంది."
ఎండ వండిన మందు
ఎండనే ఓర్వదు.

ఇప్పుడు ఇజ్మీర్‌లో నా ఉద్యోగం గాయాలు చెయ్యడం.
గాజు పళ్ళెంలో చర్మకణాలు చాపలా అల్లుకున్నాక
పిపెట్ కొసతో నడిమధ్య ఒక గీత గీస్తాను,
చెయ్యి వణకకుండా.
ఒక వరసకి కంతరోన్ సారం,
ఒక వరసకి ఉత్త ఆలివ్ నూనె,
ఒక వరసకి ఏమీ లేదు.
రాత్రంతా రెండు ఒడ్ల నుంచీ కణాలు పాక్కుంటూ వస్తాయి,
వాగు దాటే గొర్రెల్లా, ఒకదాన్ని చూసి ఒకటి.
సారం వేసిన వరస ముందు మూసుకుంది.
నూనెది కాస్త వెనక.
ఏమీ వెయ్యనిదీ కదిలింది,
నెమ్మదిగా, ఎవరి సాయమూ లేకుండా.

ఫోన్‌లో అమ్మకి చెప్పాను.
"అయితే మంగళవారం సంతలో
సీసాకి ఇరవై లీరాలు పెంచొచ్చా?" అంది.

ఆ ఆగస్టులో కొండ అంటుకుంది.
రొట్టెల బట్టీ హిదిర్ మామ
కంచరగాడిదల కట్లు విప్పడానికి వెనక్కి వెళ్ళాడు.
వీపు, మెడ, రెండు చేతులూ.
ముప్పై ఏళ్ళు నిప్పు ముందు నిలబడ్డ మనిషి,
నిప్పుకి అతను తెలియనే తెలియదు.
భార్య దుర్దానె పరిగెత్తుకొచ్చి
మా కిటికీ ముందు చెయ్యి చాపింది.
అమ్మ సీసా ఇవ్వలేదు.
ఉతికిన దుప్పటి ఇచ్చింది.
"ఇది నా సీసా పని కాదు. హెలికాప్టర్ని పిలవండి."
ఊళ్ళో కొందరు మొహం తిప్పుకున్నారు.
ఆ రాత్రి నాకు ఫోన్ చేసి
ఏమీ మాట్లాడకుండా
చాలాసేపు లైన్లో ఉంది.

అయిదు నెలలు,
నా ల్యాబ్‌కి రెండంతస్తుల కింద పడుకున్నాడాయన.
తొడ చర్మం తీసి వీపుకి అతికారు.
ఆదివారాలు వెళ్ళి కూర్చునేదాన్ని.
ఒక్కసారే అడిగాడు: "గాడిదలు?"
"ఒకటి వచ్చింది" అన్నాను.
అది నిజమే.

మళ్ళీ జూన్.
దుర్దానె పాత సీసా తిరిగి పంపింది.
మా వైపు గిన్నె ఖాళీగా వెనక్కి పంపరు.
అందులో నాలుగు ఎండు అంజూరాలు, ఒక బూడిద రంగు గుండీ.
గుండీ ఎందుకో అమ్మ అడగలేదు.

కొండెక్కాం.
నల్లటి మోళ్ళ మధ్య, ఇంకే పచ్చదనమూ తేరుకోకముందే,
మోకాలెత్తున కంతరోన్,
కనుచూపు మేర పసుపు.
నేను సంచీ విప్పాను.
అమ్మ ఒక కొమ్మ వంచి,
ఆకుని ఎండకి పట్టి చూసి, వదిలేసింది.
"ఈ ఏడాదికి కొండకి కావాలి."

దిగుతూ నా వేళ్ళు చూసుకున్నాను.
ఎప్పుడు నలిపానో
ఒక మొగ్గ.